సగం బెల్లం ముక్క

పోయిన వారం రాజమణిని బేగంబజార్‌లో, కోమలాంబ మెటల్స్ మెట్ల మీద వదిలి వచ్చాం. చెప్పులు విడిచి లోపలికి వెళ్లాలా, తొడుక్కునే వెళ్లాలా అని ఆమె తటపటాయిస్తుండగా కథ ఆగింది. చెప్పులు విడిచే వెళ్లింది. అడగడానికి వచ్చిన మనిషికి ఆ పూట అంతకంటే వేరే దారి తోచలేదు.

ఆమె అడగడానికి వచ్చింది ఒక మిషను. ఉప్పుగూడలో రైలు పట్టాల పక్కన ఒక అద్దె గది ఉంది. ఆ గదిలో మంచం మీద ఆమె భర్త అంజన్న గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. పడుకుంటే ఊపిరాడదు కనుక నిద్ర కూడా కూర్చునే పోతాడు. గదిలోని గాలిని పీల్చి, అందులోంచి ఆక్సిజన్ తీసి ముక్కులోకి పంపే మిషను ఒకటి రెండేళ్లుగా అతన్ని బతికిస్తోంది. కోమలాంబ మెటల్స్ వాళ్లు ‘ప్రాణవాయు సేవ’ అని పేరు పెట్టి బీదవాళ్లకు ఉచితంగా ఇచ్చిన ఇరవై రెండు మిషన్లలో అది పదిహేడోది. స్విచ్చి ఎక్కడుందో వెతుక్కోవాలి గానీ, దాని మీద అంటించిన, యజమాని భార్య కోమలాంబగారి ఫొటో మాత్రం వీధిలోంచే కనబడుతుంది. నిన్న సాయంత్రం కంపెనీ వ్యాను వచ్చి, సర్వీసింగ్ చేయాలని చెప్పి ఆ మిషనును ఎక్కించుకుపోయింది.

సర్వీసింగ్ అన్నది వట్టి మాట. అసలు సంగతి డాక్టరు చీటీలో ఉంది. ఏడాదికోసారి డాక్టరు చీటీ కొత్తది తెచ్చి ఇస్తేనే మిషను ఇంకో ఏడాది ఉంచుతారు. ఈసారి ఛాతీ ఆసుపత్రిలో ఒక చిన్న వయసు డాక్టరమ్మ అంజన్నను, ఏం పని చేసేవాడివని నిదానంగా అడిగింది. అతను నిజం చెప్పాడు. కోమలాంబ మెటల్స్ పాలిష్ షెడ్డులో పందొమ్మిదేళ్లు స్టీలు గిన్నెలకు మెరుగు పెట్టానన్నాడు. ఆమె ఇంగ్లీషులో నాలుగు వరుసలు రాసింది. ఆ పని తాలూకు దుమ్ము వల్లే ఈ జబ్బు వచ్చిందని వాటి అర్థం. ఏడో తరగతి దాకా తెలుగు చదివిన రాజమణి ఆ ఇంగ్లీషు వరుసలను నాలుగు మడతలు పెట్టి, కొంగున ముడేసుకుని వెళ్లి, తన చేత్తోనే కంపెనీ వాళ్లకు ఇచ్చింది.

నిన్న సాయంత్రం నుంచి అంజన్న మెడికల్ షాపు దుర్గయ్య ఇచ్చిన సిలిండరు మీద ఉన్నాడు. దుర్గయ్య దగ్గర ఉన్నది అదొక్కటే. మధ్యాహ్నం రెండింటి దాకా వస్తుందన్నాడు. ఆసుపత్రికి తీసుకుపోదామంటే, ఇంట్లో మిషను ఉందని చెప్పిన మీదటే వాళ్లు మొన్న మంచం ఖాళీ చేయించి పంపారు. అంతకుముందు వెళ్లినప్పుడు స్ట్రెచరు మీద ఐదు గంటలు వరండాలోనే ఉంచారు. ఈసారి ఐదు గంటలు ఆగే ఓపిక ఆ ఊపిరితిత్తులకు లేదు.

రాజమణి లోపలికి అడుగు పెట్టేసరికి గోడ గడియారం పన్నెండూ నలభై చూపిస్తోంది.

“కూర్చోండమ్మా. ఫ్యాను కిందికి జరగండి,” అంది స్రవ్య.

ప్రాణవాయు సేవ చూసుకునేది ఈ స్రవ్యే. కంపెనీ యజమాని వెంకటనారాయణ సేటుకు మనవరాలు. ముప్పై ఏళ్లుంటాయి. మనిషి మంచిదే. మంచిది కాకపోతే రాజమణికి ఇంత కష్టం ఉండేది కాదు. తిట్టేవాళ్లనైతే తిరిగి తిట్టి రావచ్చు. మంచినీళ్లు ఇప్పించి, “తిన్నారా అమ్మా?” అని అడిగేవాళ్లను ఏం చేస్తాం?

“తినుడు గినుడు తర్వాత మేడం. రెండింటికి సిలిండర్ ఖతం అయితది. ఈడికెళ్లి ఉప్పుగూడ పోవాలంటె బస్సుల గంట పడ్తది. మిషన్ ఇయ్యుండ్రి, మీ కాళ్లు మొక్కుత.”

“మిషను ఇస్తానమ్మా. గోడౌన్‌లోనే ఉంది. సర్వీసింగ్ కూడా చేయించాను.” స్రవ్య ఒక కాగితం బల్ల మీద పెట్టి రాజమణి వైపు తిప్పింది. “దీని మీద సంతకం పెడితే చాలు. ఆటో కూడా మాట్లాడిస్తాను, ఇరవై ఐదు నిమిషాల్లో ఇంట్లో ఉంటారు.”

కాగితం తెలుగులోనే ఉంది. రాజమణి పెదాలు కదుపుతూ చదివింది. ‘నా భర్త అంజన్న కోమలాంబ మెటల్స్ సంస్థలో ఎన్నడూ పనిచేయలేదు. డాక్టరు చీటీలో వ్రాసినది పొరపాటు. ఈ విషయమై మేము గానీ, మా వారసులు గానీ ఎప్పుడూ, ఎక్కడా మాట్లాడబోము.’

వారసులు అన్న చోట ఆమె చూపు ఆగింది. వాళ్ల వారసురాలు స్వీటీ ఇంటర్ చదువుతోంది. ఇప్పుడు తండ్రి పక్కన కూర్చుని సిలిండరు మీది ముల్లునే చూస్తూ ఉంటుంది.

“గిట్లెందుకు రాసిండ్రు మేడం? పందొమ్మిదేండ్లు మీ షెడ్డులనే జేసిండు గదా?”

“అమ్మా, ఇది మీ మీద కోపంతో రాసింది కాదు. రూలు అలా ఉంది. సేవ కింద చేసే ఖర్చు బయటివాళ్ల కోసం చేయాలి. సొంత పనివాళ్లకు ఇస్తే అది సేవ కిందికి రాదు. ఆడిట్‌లో పట్టుకుంటే మీ ఒక్క మిషను కాదు, అన్నీ వెనక్కి తెప్పించాల్సి వస్తుంది. మిగతా ఇళ్లలో కూడా మీ ఆయనలాంటి వాళ్లే ఉన్నారు కదా.” స్రవ్య గొంతు నిజంగానే తడబడింది. “అయినా, మీరే రాసిచ్చారు కదమ్మా. చూడండి.”

ఆమె లావుపాటి ఫైలు తెరిచి ఒక కాగితం చూపించింది. రెండేళ్ల కిందటి దరఖాస్తు. మూలన అంజన్న ఫొటో, అడుగున రాజమణి సంతకం ఉన్నాయి. మధ్యలో ‘వృత్తి’ అన్నచోట, గుండ్రటి అక్షరాలతో, ఆటో డ్రైవర్ అని ఉంది.

రాజమణి ఆ కాగితాన్ని గుర్తుపట్టింది. ఆ రోజు కళ్ల ముందుకు వచ్చింది. ఇదే గది, ఇదే బల్ల. గుమాస్తా బాలనర్సింహ చుట్టూ చూసి, గొంతు తగ్గించి చెప్పాడు. “అక్కా, షెడ్డుల పని జేసిండని రాస్తే మిషన్ రాదు. రూలు గట్లున్నది. ఆటో డ్రైవర్ అని రాస్త, సంతకం పెట్టు. ఎవలు చూడొచ్చిండ్రు?” ఆమె సంతోషంగా పెట్టింది. అంతటితో ఊరుకోకుండా మరుసటి ఆదివారం లాల్‌దర్వాజా అమ్మవారి గుడికి పోయి, బాలనర్సింహ పేరు మీద కొబ్బరికాయ కూడా కొట్టింది. తన మొగుడి పందొమ్మిదేళ్లు తానే తుడిచేసుకుని, తుడవడానికి గుడ్డ ఇచ్చినవాడికి దండం పెట్టి వచ్చిందన్నమాట.

బాలనర్సింహ ఇప్పుడూ గుమ్మం పక్కనే నిలబడి ఉన్నాడు. నడుముకు గోడౌన్ తాళాల గుత్తి వేలాడుతోంది. రాజమణి చూడగానే అతను తల దించుకున్నాడు.

పోనీ, షెడ్డులో పనిచేసినట్టు వేరే రుజువు ఏమైనా ఉందా అంటే అదీ లేదు. అక్కడ హాజరు పలక మీద సుద్దతో వేసేవారు. శనివారం సాయంత్రం తడిగుడ్డతో తుడిచేవారు. కార్డు లేదు, చీటీ లేదు. గత నెల చనిపోయిన నగేష్ భార్య కృష్ణమ్మ ఆ సంగతి మొన్ననే తెలుసుకుంది. నగేష్, అంజన్న పక్కపక్క పాలిష్ చక్రాల మీద పదిహేనేళ్లు పనిచేశారు. నష్టపరిహారం అడగడానికి వెళితే, నగేష్ ఎవరో మాకు తెలియదని కంపెనీ వాళ్లు తేల్చేశారు. మా వాడు మీ దగ్గరే పనిచేశాడని చెప్పడానికి కృష్ణమ్మకు మిగిలిన సాక్షి అంజన్న ఒక్కడే. చెప్తానని అతను మాట ఇచ్చాడు.

ఈ కాగితం మీద సంతకం పడితే ఆ సాక్షి ఆటో డ్రైవరు అయిపోతాడు. అది రాజమణికి తెలుసు. తెలిసి కూడా ఆమె చెయ్యి పెన్ను వైపు వెళ్లింది. ఆమెను తప్పు పట్టే ముందు మీరూ నేనూ గోడ గడియారం చూడాలి. ఒంటిగంట కావడానికి పది నిమిషాలు ఉంది.

పెన్ను అందుకున్నది గానీ, కాగితం మీద పెట్టకముందే నోరు విప్పింది.

“సంతకం పెడ్త మేడం. నా మొగని పానం కంటె నాకు ఏదీ ఎక్కువ గాదు. కాని ఒక్క మాట జెప్పు బిడ్డా. ఆయన ఎవలో నీకు ఎర్కలేదా?”

“నాకెలా తెలుస్తుందమ్మా?”

“శనివారం శనివారం గులాబి గౌను ఏసుకోని తాత ఎంబడి షెడ్డుకొచ్చేదానివి. ఇత్తడి పళ్లెంల బెల్లం ముక్కలు పట్టుకోని దర్వాజ కాడ నిలవడేదానివి. దుమ్ము గొంతుల దిగితె బెల్లం గుంజుకపోతదని మీ తాత పంచిపిచ్చేటోడు. అందరూ చెయ్యి జాపి, తీస్కోని పోయేటోళ్లు. ఒకాయన మాత్రం తన ముక్క ఇరిచి, సగం మళ్ల నీ చేతులనే పెట్టేటోడు. ‘నువ్వు తిన్నవా బిడ్డా’ అని అడిగేటోడు. యాదికున్నదా?”

స్రవ్య ఫైలు తన వైపు తిప్పుకుంది.

“ఇంటికొచ్చి మురుసుకుంట జెప్పేటోడు. సేటు మనుమరాలు ఇయ్యాల నవ్విందే అని. అప్పటికి మా స్వీటీ పుట్టలే. పుడితె గట్లనే ఉండాలె అన్నడు.” రాజమణి కొంగుతో ముఖం తుడుచుకుంది. “గా బెల్లం తినుకుంటనే ఆయన గా దుమ్ము మింగిండు బిడ్డా. ఇప్పుడు ఆయనెవలో ఎర్కలేదని నన్నే రాయమంటున్నవు.”

స్రవ్య అంజన్న ఫొటోను దగ్గరగా తీసుకుని చూసింది. ఎండిపోయిన బుగ్గలు, లోపలికి పోయిన కళ్లు. ఆమెకు గుర్తున్న మనిషి ఇతను కాదు. ఆమెకు గుర్తున్న మనిషికి తలనిండా బూడిదరంగు దుమ్ము ఉండేది, నవ్వితే పళ్లు మాత్రమే కనబడేవి. ఆమె ఫొటో మీద వేలు అడ్డం పెట్టి బుగ్గలు మూసేసి, కళ్లు మాత్రమే చూసింది. చాలాసేపు చూసింది.

“సగం బెల్లం అంకుల్,” అంది చిన్నగా.

తర్వాత ఆమె ఎవరూ చెప్పకుండానే ఫైలులో ఇంకో కాగితం తిప్పింది. ఇంకో ఫొటో. వృత్తి, ఆటో డ్రైవర్. ఇంకోటి తిప్పింది. ఆటో డ్రైవర్. చెవి తెగిన ఒక మనిషి ఫొటో దగ్గర ఆగి, పళ్లెం అంచు మీద తాళం వేసి తనను నవ్వించింది అతనే అని గుర్తుపట్టింది. మళ్లీ తిప్పింది. నగేష్ ఫొటో వచ్చింది. దాని మీద ‘మరణించారు, మిషను వాపసు’ అని ఎర్ర సిరాతో రాసి ఉంది. ఇరవై రెండు కాగితాల్లో పదకొండింట్లో ఆటో డ్రైవర్లే. అన్నీ ఒకే గుండ్రటి అక్షరాలు.

“బాలనర్సింహగారూ, ఈ పదకొండు మందిలో ఎవరికి ఆటో ఉంది?”

గుమాస్తా ఒక అడుగు ముందుకు వేశాడు. “మేడం... నేను మంచికే రాసిన. నిజం రాస్తె పదకొండు మందిల ఒక్కనికి గూడ మిషన్ రాకపోతుండె.”

“మా తాతయ్యకు తెలుసా?”

 స్రవ్య ఫోను తీసింది. అందరికీ వినబడేలా బల్ల మీద పెట్టి స్పీకరు నొక్కింది.

“తాతయ్యా, ఆఫీసులో ఉన్నాను. ఉప్పుగూడ నుంచి రాజమణి అని వచ్చారు. అంజన్న అని...”

“ఎవరు, సగం బెల్లం వాపస్ ఇచ్చేటోడా?” ముసలి గొంతు ఆప్యాయంగానే పలికింది. “ఇంకా ఉన్నడా?”

 రాజమణికి ఏడుపు కూడా రాలేదు. ఇరవై ఏళ్ల కిందటి బెల్లం ముక్క గుర్తున్న మనిషికి, దాన్ని విరిచిన చెయ్యి ఎవరిదో తెలియదని కాగితం ఎలా రాయించబుద్ధయిందో ఆమెకు అంతుబట్టలేదు.

“తాతయ్యా, అంటే ఆయన మన దగ్గర పనిచేశాడని మీకు తెలుసు.”

“తెలుసు గనకనే మిషన్లు కొన్నం గదా బిడ్డా. ఇంత దగ్గు జూసుకుంట ఊకుంటమా? ఒప్పుకుంటె షెడ్డు మూపిస్తరు. డెబ్బై మంది రోడ్డు మీద పడ్తరు. గిట్లయితె వాళ్లకు గాలి ఉంటది, మనకు పేరు ఉంటది. మీ నానమ్మ పేరు.” ఆయన కాసేపు దగ్గాడు. “సంతకం జేపిచ్చి మిషన్ ఇచ్చెయ్. పాపం, మంచోడు.”

ఫోను ఆగిపోయింది.

“తాళాలు ఇవ్వండి,” అంది స్రవ్య.

బాలనర్సింహ తాళాల గుత్తిని అరచేత్తో కప్పుకున్నాడు. “సంతకం అయినంకనే ఇయ్యమన్నడు మేడం. నా కొడుకు గూడ గీ షెడ్డులనే జేస్తున్నడు. నన్ను బద్‌నాం జెయ్యకుండ్రి.”

ఇక్కడ స్రవ్య లేచి ఆ తాళాలు లాక్కుని ఉంటే బాగుండేదని నాకూ అనిపిస్తుంది. లాక్కోలేదు. ఆ ఇంట్లో ముప్పై ఏళ్లు తాతయ్య మాటకు ఎదురు మాట వినని పిల్ల. లేచింది, నిలబడింది, మళ్లీ కూర్చుంది. తర్వాత కళ్లనిండా నీళ్లతో, పెన్నును బల్ల మీద రెండు వేళ్లతో రాజమణి వైపు జరిపింది.

“ఇప్పటికి పెట్టెయ్యండమ్మా. ముందు ఆయన్ను బతికించుకోండి. తర్వాత సంగతి నేను చూసుకుంటాను.”

తర్వాత అన్న మాట ఎంత పెద్దదో ఉన్నవాళ్లకు తెలియదు. రాజమణి కాగితం దగ్గరకు లాక్కుంది. సరిగ్గా అప్పుడే ఆమె ఫోను మోగింది.

“అమ్మా,” స్వీటీ ఏడుస్తోంది. “ముల్లు ఎర్ర గీత మీదికొచ్చింది. దుర్గయ్య తాత వచ్చి చూసిండు. రెండు దాంక రాదంట. అరగంట అంటున్నడు. ఎప్పుడొస్తవమ్మా?”

“వస్తున్న బిడ్డా. ఫికర్ జెయ్యకు. అయిపోయింది, ఇగ సంతకమే. పెట్టంగనె మిషన్ ఇస్తరు. డాడీని మాట్లాడనియ్యకు, నిమ్మలంగ కూసోమను.”

“ఏం సంతకం?” అంది స్వీటీ.

రాజమణి చెప్పకుండా ఉండాల్సింది. కానీ రెండేళ్ల కింద ఎవరికీ చెప్పకుండా పెట్టిన సంతకం ఆమెను కాలుస్తోంది. ఈసారి ఎవరో ఒకరికి చెప్పి పెట్టాలనిపించింది. “డాడీ షెడ్డుల పనిజెయ్యలే అని. వట్టి కాగితం బిడ్డా. పానం దక్కితె సాలు.” అంటూనే పెన్ను ఆనించింది. పేరులో మొదటి అక్షరం పడింది.

“డాడీ షెడ్డుల పనిజెయ్యలే అనా?” అని స్వీటీ గట్టిగా అంది. అటువైపు ఏదో గలాటా అయింది. మంచం కిర్రుమంది. “డాడీ, వద్దు! పైపు తీయకు! కృష్ణమ్మ పెద్దమ్మా, పట్టుకో!” అని స్వీటీ అరిచింది. తర్వాత ఒక్కసారిగా అన్నీ ఆగాయి. రెండేళ్లుగా ఏ ఫోనులోనైనా అంజన్న మాట వెనకాల గాలి సన్నగా బుసకొడుతూ వినబడేది. ఇప్పుడు అది లేదు.

“మణీ,” అన్నాడు అంజన్న.

“ఏందయ్యా నువ్వు? పైపు పెట్టుకో! పైపు పెట్టుకోమంటున్న!”

“నగేష్ ఇంటామె... నా పక్కకే కూసుంది.” ఒక్కొక్క మాటకూ మధ్య అతను గాలిని వెతుక్కుంటున్నాడు. “పెట్టకు.”

“నీకు దండం పెడ్త. పైపు పెట్టుకో అయ్యా. పానం ముఖ్యం. అన్నీ తర్వాత మాట్లాడుదాం.”

“నువ్వు... పెట్టనని... జెప్పు.”  రాజమణి ఫోనును చెవికి గట్టిగా అదుముకుంది. “జెప్పినంకనే... పెట్టుకుంట.”

పెన్ను కాగితం మీద అలాగే ఉంది. మొదటి అక్షరం పక్కన సిరా చుక్క పెద్దదవుతోంది. స్రవ్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. గుమ్మం దగ్గర బాలనర్సింహ తాళాల గుత్తిలోంచి ఒక తాళం చెవి వేరు చేసి, ఎటు చూడాలో తెలియక, రాజమణి చేతి వైపే చూస్తున్నాడు.

ఫోనులో అంజన్న ఒకసారి ఊపిరి తీసుకున్నాడు. ఆమె రెండోదాని కోసం ఎదురుచూసింది.